చలికాలం దాటేదాకా

క్విషడా,
4 అక్టోబర్ 1970

మా పాప జ్ఞానతల్లి డాక్టర్ జుల్మీరా గారికి అదెరాల్దో నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం. పరాయి దేశంలో, సాంతియాగోలో మీకు పని దొరికిందని విని సంతోషించాం. పాప నడుస్తోంది.

మన పరిశోధన కేంద్రం బాగా పెరిగింది. మీరు గింజలు ఆరబెట్టుకున్న పెరట్లో ఇప్పుడు రెండంతస్తుల ప్రయోగశాల ఉంది. సైనిక ప్రభుత్వం అడిగినంత డబ్బిస్తోంది. జీపులొచ్చాయి, దక్షిణం నుంచి డాక్టర్లొచ్చారు. అబద్ధమెందుకు, మంచి పనే చేస్తున్నారు. మన జిల్లా ఉప్పు నేలలకు మొదటిసారి పటం తయారైంది. మిమ్మల్ని తీసేశాక మీ పేరు మాత్రం తలుపు మీదా లేదు, కాగితాల మీదా లేదు.

మీ అలసందల సంగతి. రెండు వానలకే కాపుకొచ్చే ఆ రకం మన గోదాములో తప్ప ఎక్కడా లేదు. కొత్త డైరెక్టర్ ఎడ్మూర్ గారు దక్షిణాది, సావో పాలో మనిషి. మార్చిలో వచ్చి, "పైనుంచి మాటొచ్చింది అదెరాల్దో. ఆవిడ గింజలు పోసి దాచిన సొరబుర్రలన్నీ చలికాలం దాటగానే కాల్చెయ్" అన్నారు. అలాగేనన్నాను. ఆ ఆజ్ఞను అక్షరాలా పాటిస్తున్నాను. మీరు మనసు కష్టపెట్టుకోవద్దు.

ఈ ఏడు చినుకు లేదు. మగవాళ్ళంతా కరువు పనుల్లో రాళ్ళు కొడుతున్నారు. నేను గోదాము పుస్తకంలో రోజు ఖర్చు రాశాక కింద 'వాన లేదు' అని రాసి మూసేస్తున్నాను.

ఇట్లు,
మీ గోదాము అదెరాల్దో

తా.క. పైదంతా పోస్టులో విప్పి చదివేవాళ్ళ కోసం రాసింది. ఇప్పుడు మఠం సిస్టర్ బెనిగ్నా ఈ ఉత్తరం స్వయంగా మీ చేతికిస్తానన్నారు కాబట్టి మిగతాది రాస్తున్నాను. ఒక్క సొరబుర్ర కూడా కాలలేదు. మొన్న డైరెక్టర్ గారు "కాల్చావా?" అని అడిగారు. "చలికాలం ఇంకా రాలేదు సార్" అన్నాను. "జూన్‌లో వచ్చిన చలికాలం సెప్టెంబర్‌తో దాటిపోయింది, నాతో ఆటలా?" అన్నారు. వంట కితేరియా గిన్నెలు తోముతూనే, "మీ ఊళ్ళో చలికాలమంటే స్వెట్టరేమో నాయనా, మా ఊళ్ళో చలికాలమంటే వాన. పడిందేమో మీరే చూడండి" అంది. ఆయన కిటికీ దగ్గరికెళ్ళి మబ్బులేని ఆకాశం చూశారు. "సరే, వచ్చి దాటాకే కాల్చు. నేను చెప్పిందీ అదే కదా" అని గోదాము తాళంచెవి నా దగ్గరే వదిలి వెళ్ళారు.

చుట్టుపక్కల రైతులు సంచులు కుట్టించుకుని ఉన్నారు. ఇప్పుడే ఇస్తే ఆకలికి వండేసుకుంటామని వాళ్ళే అన్నారు. తొలి వాన పడిన రోజు వచ్చి పట్టుకెళ్ళి విత్తుతారు. చలికాలం దాటాక బుర్రలన్నీ తప్పకుండా కాలుస్తాను. ఖాళీవి.