సేనాపతికి స్నానం మాన్పించిన సంగతి

చూలై, మద్రాసు,
ఆదివారం.

పూజ్యుడైన అన్నయ్యకు,

చెల్లెలు సుబ్బలక్ష్మి నమస్కరించి రాస్తున్నది. నేనూ, మీ బావగారూ ఇక్కడ క్షేమం. నువ్వూ, వదినా, పిల్లలూ, అమ్మా అక్కడ కులాసాగా ఉన్నారని తలుస్తాను. అమ్మ మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? చిన్నదానికి పళ్ళొచ్చాయా? నాకు ఒంట్లో బాగానే ఉంది, వేళకు తింటున్నాను, అమ్మతో ఆ మాట చెప్పు.

నీ కార్డు అందింది. వచ్చే శనివారం మెయిలెక్కి వచ్చి కుక్కను రేపల్లె తీసుకుపోతానని రాశావు. అందుకే ఇంత గాభరాగా రాస్తున్నాను. కుక్క కోసం నువ్వు రానక్కర్లేదు. ఎందుకో చెబుతాను, మొత్తం చదువు. ఉత్తరం మొదలూ చివరా చూసి మధ్యది వదినకు అప్పగించే అలవాటు నీకుందని నాకు తెలుసు. పోయినసారి ఏడుస్తూ రాశాను గనక నీకేమీ బోధపడి ఉండదు.

మీ బావగారు కోడంబాక్కం స్టూడియోలో కోటలకు రంగులు వేస్తారు గదా. అంతా కలిసి చెమటలు కక్కుకుంటూ రాజుగారి కోట కడతారు, షూటింగు కాగానే పీకి పారేస్తారు. అలా పీకిన కోట వెనక దొరికింది ఈ కుక్కపిల్ల. తెల్లగా పాలకోవాలా ఉందని సంచిలో వేసుకుని ఎలక్ట్రిక్ రైల్లో పట్టుకొచ్చారు. కోటలో దొరికాడు గనక సేనాపతి అన్నారు. పేరు పెట్టడంతో ఆయన పని అయిపోయింది, మిగతా చాకిరీ నాది. పొద్దున్నే వెళ్ళిన మనిషి మళ్ళీ ఎప్పుడొస్తారో ఆయనకే తెలియదు. మన రాష్ట్రం మనకొచ్చిందని మీరక్కడ పప్పుబెల్లాలు పంచుకున్నారు. నేనేమో ఇక్కడ అరవంలో వంకాయలు బేరమాడలేక వాళ్ళు చెప్పిన ధరే ఇచ్చి వస్తున్నాను. పగలంతా నేను నోరు విప్పి మాట్లాడేది సేనాపతితోనే. “ఒరే, పప్పు మాడిందిరా” అంటే వాడు తోక ఊపుతాడు. అదే మాట మీ బావగారితో అంటే ముఖం చిట్లిస్తారు.

ఇక మేం అద్దెకున్న ఇంటావిడ కనకమ్మగారు. తాతల నాటి నుంచీ చూలైలోనే ఉన్న తెలుగువాళ్ళు, బియ్యం మండీ ఉంది. భర్త పోయాక కొడుకూ కోడలూ మనవళ్ళతో ముందు భాగంలో ఉంటుంది, వెనక వాటా మాది. మనిషి మంచిదే గాని మడి అంటే ప్రాణం. పాలవాడి చెంబు మీద కూడా నీళ్ళు చల్లనిదే పాలు పోయించుకోదు. మొదటి రోజు సేనాపతిని గుమ్మంలోనే ఆపేసింది.

“ఈడ నాయి గీయి కుదర్దమ్మే. నేను మడి కట్టుకోని తిరిగే ఇల్లు ఇది. ఉంచుకోవాలంటే దినామూ తలకు పోసి లోపలికి తీసకరా. రొంబ సుత్తంగా ఉండాల.”

నాయి అంటే కుక్క, రొంబ సుత్తం అంటే మహా శుభ్రం. సరేనన్నాను. నేను వారానికోసారి తలంటుకుంటే సేనాపతికి రోజూ తలంటే. పెరట్లో పంపు కింద నిలబెట్టి, బట్టల సబ్బు ముక్కతో నెత్తి నుంచి తోక దాకా బరబరా రుద్ది, నీళ్ళు గుమ్మరించేదాన్ని. బకెట్టు చప్పుడైతే చాలు, మంచం కింద దూరేవాడు. అయినా లాక్కొచ్చేదాన్ని. ఉంచుకోవాలంటే తప్పదు గదా.

కొన్నాళ్ళకు గోకుడు పట్టుకుంది. కూర్చుంటే గోకుడు, లేస్తే గోకుడు. అన్నం తింటూ తింటూ ఆగి గోక్కుని, ఎక్కడిదాకా తిన్నాడో మరిచిపోయినట్టు దిక్కులు చూసేవాడు. గోడకు వీపు రాసీ రాసీ, మీ బావగారు ముచ్చటపడి వేసిన సున్నమంతా చెరిపేశాడు. పొట్ట కింద బొచ్చు ఊడి చర్మం ఎర్రగా కందిపోయింది. కనకమ్మగారు కళ్ళజోడు సవరించుకుని చూసి తేల్చేసింది.

“మురికిమ్మే అది. ఈడ దుమ్ము ఎంత ఉండాదో చూడు. సాయంత్రం గూడా పొయ్యి.”

పోశాను. పూటకో స్నానం. గోకుడు రెట్టింపైంది. సబ్బు చాలడం లేదేమోనని ఇంకా ఘాటైన సబ్బు తెచ్చాను. నవ్వకు, నీకు నవ్వుగానే ఉంటుంది.

తర్వాత వీధి వీధంతా వైద్యులైపోయారు. ఒకావిడ వేపాకు ముద్ద అంది, ఇంకొకావిడ పసుపు, ఇంకొకావిడ కానుగ నూనె. ఎవరి మాట కాదంటే ఎవరికి కోపమోనని అన్నీ పట్టించాను. పాలకోవా కాస్తా లడ్డు రంగులోకి దిగింది. వీధిలో పిల్లలు “మంజ నాయి, మంజ నాయి” అని వెంటబడేవాళ్ళు, అంటే పసుపు కుక్క అని. దిష్టేమోనని కనకమ్మగారే ఎండు మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. ఇంటిల్లిపాదీ దగ్గలేక చచ్చాం. సేనాపతి ఒక్కడే దగ్గకుండా గోక్కుంటూ కూర్చున్నాడు. మీ బావగారైతే స్టూడియోలో రంగు మరకలు పోవడానికి వాడే టర్పెంటైను తెస్తానన్నారు. “ముందు మీరు రాసుకుని చూపించండి, తర్వాత వాడికి రాద్దాం” అన్నాను. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

చివరికి వాణ్ణి చంకనేసుకుని పశువుల ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరుగారు మనవైపు మనిషే, తెలుగు వినగానే నా ప్రాణం లేచొచ్చింది. వాణ్ణి బల్ల మీద అటూ ఇటూ తిప్పి చూసి, వాసన కూడా చూశారు.

“దీనికి స్నానం ఎప్పుడెప్పుడు చేయిస్తారమ్మా?”

“రోజూ పొద్దునా సాయంత్రమూ అండీ. బట్టల సబ్బుతో” అన్నాను గొప్పగా.

ఆయన వాణ్ణి వదిలి నా వైపు తిరిగారు. “మీరు కూడా రెండు పూటలా ఒంటికి బట్టల సబ్బే రుద్దుకుంటారా?” అన్నారు. నా తల కొట్టేసినట్టయింది. చర్మంలో ఊరే జిడ్డే దానికి కాపుదల అట. ఆ జిడ్డంతా మనం కడిగేసి, ఒళ్ళు ఎండిపోయి పగిలి దురద పెడుతుంటే మళ్ళీ కడుగుతున్నామట. పైగా ఈ పూతలొకటి. స్నానం పూర్తిగా మానేయమన్నారు, పుండ్లు మానాక ఎప్పుడో ఒకసారి మామూలు నీళ్ళు చాలన్నారు. వాడు పడుకునే గోనెసంచి ఎండలో వేయమన్నారు. పూయడానికి తెల్లటి మందిచ్చారు.

బ్రతికాంరా దేవుడా అనుకుంటూ ఇంటికొచ్చి చెప్పానా, కనకమ్మగారు భగ్గుమంది.

“స్నానం లేని నాయా? నా గడపలోనా? నీ డాక్టరు ఇంట్లో పెట్టుకోమను! శుక్రవారం లోపల దాన్ని యాడన్నా విడిచిపెట్టు, లేదా మీరు వేరే ఇల్లు చూసుకోండి.”

అదిగో, ఆ రోజే నీకు ఏడుస్తూ రాశాను, వచ్చి తీసుకుపొమ్మని. వేరే ఇల్లు ఎక్కడ దొరుకుతుంది? వీధిలో వదిలితే కుక్కల బండివాళ్ళు పట్టుకుపోతారు. కడిగితే వాడి ఒళ్ళు పుండు, కడక్కపోతే వాడికి ఇల్లే లేదు.

శుక్రవారం పొద్దున కనకమ్మగారు పూజ ముగించుకుని, మడికి కట్టుకునే తన ఉన్ని ధావళితో పెరట్లోకి వచ్చింది. నేను సేనాపతిని ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీద కూర్చున్నాను. “ఇంకా ఈడనే ఉండాదా?” అంది. నాకెక్కణ్ణుంచి వచ్చిందో రోషం, లేచి నిలబడ్డాను.

“మీరు కట్టుకున్న ధావళి ఎప్పుడు తడిపారమ్మా?”

“ఉన్నికి తడుపేందమ్మే? దానికి మైల అంటదు. మీ అమ్మ నీకు ఇదన్నా నేర్పలేదా?”

“నేర్పింది. గొర్రె మీది బొచ్చుకు అంటని మైల కుక్క మీది బొచ్చుకు ఎలా అంటుతుంది?”

అనేశాను. ఆవిడ ధావళి వైపు చూసుకుంది, సేనాపతి వైపు చూసింది. వాడు ఆ సమయానికే తీరిగ్గా చెవి గోక్కున్నాడు. “గుడికాడ ఆచారిని అడిగి వస్తా” అని వెళ్ళిపోయింది. మధ్యాహ్నం తిరిగొచ్చి మా గుమ్మం ముందు నిలబడింది.

“అడిగినాన్లే. ఉన్నిని తడపకపోయినా దోసం లేదంట. అయితే కాళ్ళు బొచ్చు కాదు గదమ్మే, కాళ్ళు మటుకు కడిగి లోపలికి తీసకరా.”

కుక్క అన్న మాట మటుకు ఆచారిగారి చెవిన వేసినట్టు లేదు. నేనూ అడగలేదు. ఇప్పుడు వీధిలో అందరికీ ఈ ధర్మసూక్ష్మం తనే కనిపెట్టినట్టు చెబుతోంది, చెప్పనీ.

సేనాపతికి పొట్ట కింద మెత్తగా కొత్త బొచ్చు వస్తోంది. గోకుడు బాగా తగ్గింది. నిన్న నేను పప్పు రుబ్బుతుంటే ముందు వసారాలోంచి కనకమ్మగారి గొంతు వినిపించింది, కోడలి మీద చాడీలు, గుక్క తిప్పుకోకుండా. ఎవరితోనా అని తొంగి చూస్తే ఎదురుగా సేనాపతి బుద్ధిగా కూర్చుని ఉన్నాడు. “మనవళ్ళను తెలుగులో పిలిస్తే అరవంలో బదులు చెప్తారమ్మే. వీడన్నా కూర్చోని ఇంటాడు” అంది, కాస్త సిగ్గుపడుతూ. పాపమనిపించింది.

అమ్మకు నా దణ్ణాలు. వదినను అడిగానని చెప్పు, పిల్లలకు నా ముద్దులు. గోంగూర పచ్చడి వదిన చేతిది ఒక జాడీ కావాలి, ఇక్కడి గోంగూరకు పులుపే లేదు. మీ బావగారు నీకు నమస్కారాలు చెప్పమన్నారు.

ఇంకొక్క మాట అన్నయ్యా. కుక్క ఇక్కడే ఉంటుంది గనక రానక్కర్లేదని సెలవు రద్దు చేసుకుంటావేమో, చేసుకోకు. నాకు దిగులుగా ఉందని ఉత్తరం తర్వాత ఉత్తరం రాస్తే, అదే అలవాటవుతుందిలే అని రాశావు. కుక్కకు గోకుడని, తీసుకుపొమ్మని రాస్తే వెంటనే రైలెక్కుతానన్నావు. నీ కార్డు చదివి నేను ఏడిస్తే, కుక్క వెళ్ళిపోతుందని ఏడుస్తున్నాననుకున్నారు మీ బావగారు. అందుకు కాదు. శనివారం రా. నన్ను చూడ్డానికి రా.

నీ ఆశీస్సులు కోరుకునే చెల్లెలు,
సుబ్బలక్ష్మి