ముక్కు గొట్టం, ముక్కుపోగులు

ప్రియమైన నిర్మలా,

మీ అమ్మ ఒప్పుకుందమ్మా! దవడలో గడ్డ తీయించుకుంటానంది! కాఫీ పళ్లు కోస్తూ కోస్తూ, "సరే, నీ కూతురు మత్తు డాక్టరే కదా, దాని సేతిలోనే పడుకుంటాన్లే" అంది. ఆనందం పట్టలేక బుట్టెడు పళ్లూ ఒలకబోశాను. పాపం, నోరు రెండు వేళ్లకు మించి తెరుచుకోవడం లేదు. కొండ మీద సిగ్నల్ లేదు కనుక జీపు ఫణీంద్ర చేత ఉత్తరం పంపుతున్నాను. బేగి జవాబు రాయి తల్లీ.

నీ నాన్న,
యర్రయ్య

*

ప్రియమైన నాన్నా,

సోమవారం అమ్మను తీసుకురా. కోత నోట్లో కాబట్టి ఊపిరి గొట్టం ముక్కులోంచి వేస్తారు. దారి చూడటానికి మా దగ్గర రెండు పనిముట్లున్నాయి. పాతదానితో నాలుకను ఎత్తిపట్టి, కంటితో చూస్తూ వేయాలి. కొత్తదాని కొసన కెమెరా ఉంటుంది, గొంతు తెర మీద కనిపిస్తుంది. ఏది మేలో పోల్చి చూడటమే ఇక్కడ నా పని. అమ్మది తెరుచుకోని నోరు కాబట్టి ఆ పోలికలో చేర్చం. మా మేడమ్ కెమెరాతోనే వేస్తారు, నేను పక్కన ఉంటాను.

మూడు ముక్కుపోగులూ తీసేయాలి. వాపు తగ్గేదాకా మళ్లీ పెట్టకూడదు. మనలో మొగుడు పోతేనే తీస్తారని నాకు తెలుసు. తీయకపోతే ఆపరేషన్ లేదు. అమ్మకు నువ్వే చెప్పు.

నీ
నిర్మల

*

ప్రియమైన నిర్మలా,

మీ అమ్మ ఇల్లు చేరింది, గిన్నెడు జావ తాగింది, నోరారా నన్ను తిట్టింది కూడా! మీ మేడమ్‌కీ, ఆ కెమెరాకీ కోటి దండాలు.

నువ్వు లోపల ఉన్నప్పుడు బయట జరిగింది నీకు తెలీదు. "నువ్వు బతికుండగా తీసీమంటావేటి?" అని మొండికేసింది. "నేనే తీత్తాను. నీ ఎదరే ఉన్నాను కదే, నన్ను సూత్తా ఉండు" అన్నాను. "నవ్వకు మరి" అంది. నవ్వలేదమ్మా, ఏడ్చాను.

మర్నాడు నేను టీకి వెళ్లినప్పుడు మన ఊరి సుక్రు చూడ్డానికి వచ్చాడట. దవడకు కట్టు, మీ అమ్మకు మాట లేదు. ముక్కు బోసిగా ఉంది. అలాంటి ఆడదాన్ని మొగుడేడని మనలో ఎవరడుగుతారు? దండం పెట్టి, ఏడ్చి, బస్సెక్కేశాడు. దారి పొడవునా అందరికీ ఫోన్లు కొట్టాడు.

మేం జీపు దిగేసరికి వాకిలి నిండా జనం. మీ అత్త రత్నాలు నన్ను చూసి కెవ్వుమంది. తేరుకుని వీపు మీద ఒక్కటిచ్చి, "సచ్చినోడా, బతికున్నానని కబురెట్టొద్దేటి!" అంది.

ఈ కొండ మీద సిగ్నల్ లేదు, ఫోను కలిసేది నీకే. అమ్మ గండం గడిచిందని, నేను పోలేదని బేగి చెప్పు.

నిక్షేపంగా ఉన్న నీ నాన్న,
యర్రయ్య

చెప్పాల్సినవాళ్లు: హుకుంపేటలో గంగ పిన్ని. బొర్రాలో ఫల్గుణ మామ. అనంతగిరిలో రాజకుమారి వదిన. అందరికంటే ముందు రంపచోడవరంలో గాసి బాబాయి, నా దినానికి మేకను కొనేయకముందే.