ఇండెంటులో ఏడో నంబరు

జూన్ 3

వైద్య సామగ్రి విభాగం పెద్ద గుమాస్తా గారికి,

కొండమీద ఆరోగ్య కేంద్రం నుంచి నర్సు నమస్కరించి రాస్తున్న సంగతులు.

మీరు పంపిన కాగితం అందింది. పైన పెద్ద అక్షరాలతో "ఆదివాసీ నర్సులకు, మంత్రసానులకు తోడ్పాటు" అని ఉంది. కింద "మీకేం కావాలో మొహమాటపడకుండా రాయండి" అని ఉంది. మొహమాటం నాకు ఎటూ లేదు కాబట్టి వెంటనే రాస్తున్నాను.

మా కొండవాళ్ళలో చదువుకుని నర్సయిన మొదటి మనిషిని నేనే. కాన్పుల గది నా చేతికిచ్చి ఎనిమిది నెలలైంది. గది అద్దంలా ఉంటుంది. వాడేవాళ్ళు లేనప్పుడు ఎందుకుండదు? ఈ ఏడాది ఇప్పటిదాకా ఒకే ఒక్క కాన్పు జరిగింది, అదీ ఆవిడకి పట్నం బస్సు తప్పిపోయి. డిసెంబరు ఆఖరులోపు పది కాన్పులు కాకపోతే గది మూసేసి అందులో విరిగిన కుర్చీలు పెడతారట. నన్ను పట్నం ఆసుపత్రికి మారుస్తారట. అప్పుడు కష్టమైన కాన్పు వస్తే మా ఆడవాళ్ళు నొప్పులతో నాలుగు గంటలు బస్సులో పోవాలి. ఆ దారి గుంతలు నాకు తెలుసు. అందుకే నాకు ఈ గది కావాలి.

కావలసినవి: 1. చేతి తొడుగులు, పది పెట్టెలు. 2. బొడ్డు కత్తెరలు, రెండు. 3. టార్చిలైటు, ఒకటి. 4. సబ్బులు, రెండు డజన్లు. 5. రబ్బరు దుప్పట్లు, నాలుగు. 6. గోడ గడియారం, ఒకటి. 7. వృద్ధురాలు, ఒకటి (గట్టిది, మా భాష వచ్చినది, చేతులు వేడిగా ఉండేది).

ఏడో నంబరు ముందు పంపితే మిగతా ఆరూ ఆలస్యమైనా ఫరవాలేదు.

ఇట్లు,
నర్సు

తా.క. నా తెల్లకోటు నడుము దగ్గర కాస్త బిగుతైంది. పెద్ద సైజుది ఉంటే ఒకటి పడేయండి.

జూన్ 20

కొండమీద ఆరోగ్య కేంద్రం నర్సు గారికి,

సామగ్రి విభాగం పెద్ద గుమాస్తా శుభం కోరి రాయడమేమనగా,

మీ ఇండెంటు అందింది. ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసులో ఇంత శుభ్రమైన దస్తూరీ చూడలేదు. ఒకటి నుంచి ఆరు వరకు వస్తువులు పంపాను.

ఏడో నంబరు విషయం. మీ దగ్గర ఒక వృద్ధురాలు ఉన్నట్టు గ్రహించాను. గట్టిది అన్నారు, అంటే చెప్పిన మాట వినదని అర్థమైంది. మా అత్తగారూ అంతే. చేతులు వేడిగా ఉంటున్నాయని కూడా రాశారు, అది అశ్రద్ధ చేయకూడదు. కనుక ఆవిడ నిమిత్తం చేతికర్ర ఒకటి, థర్మామీటరు ఒకటి, చెవిలో గట్టిగా చెప్పడానికి రేకు గొట్టం ఒకటి పంపుతున్నాను. అందినట్టు రసీదు పంపగలరు. రసీదు లేని వస్తువు నా దృష్టిలో ఇంకా దారిలోనే ఉన్నట్టు.

ఇట్లు,
పెద్ద గుమాస్తా

తా.క. కోటు ఏడాదికి ఒకటే. మధ్యలో మనిషి పెరగడానికి మా రూల్సులో వీలు లేదు.

జులై 8

పెద్ద గుమాస్తా గారికి నమస్కారం.

ఒకటి నుంచి ఆరు వరకు అందాయి, రసీదు జత చేశాను. చేతికర్ర కూడా అందింది. కాన్పుల గది కిటికీ రెక్క నిలవక ఎప్పుడూ పడిపోతుండేది, ఇప్పుడు ఆ కర్ర ఆనించాం. థర్మామీటరు పెట్టి చూశాను, వృద్ధురాలికి జ్వరం లేదు. రేకు గొట్టం అవసరం రాలేదు, ఆవిడకి పక్క ఇంట్లో గుసగుసలు కూడా వినిపిస్తాయి.

నేను అడిగింది వృద్ధురాలికి కావలసిన వస్తువులు కాదండీ, వృద్ధురాలినే. పై వీధిలో ఉంటుంది, అందరూ వేడిచేతులవ్వ అంటారు. మా మంత్రసాని. నన్ను భూమ్మీద మొదట ముట్టుకున్నవి ఆవిడ చేతులే. నెలలు నిండినవాళ్ళు మా గేటు దాకా వచ్చి, నడుం మీద చెయ్యి వేసుకుని, "అవ్వ లోపలుందా?" అని అడుగుతారు. నేనున్నాను కదా అంటే, "నువ్వుంటావులే, నిన్నెవరు కాదన్నారు" అని ఇంటికి తిరిగిపోతారు. వాళ్ళ మీద కోపం రాదు. వాళ్ళ స్థానంలో నేనున్నా అదే అడుగుతాను.

చిక్కేమిటంటే, తలుపు మీద "సిబ్బందికి తప్ప ఇతరులకు ప్రవేశం లేదు" అని బోర్డుంది. కిందటి నెల అవ్వని లోపలికి రానిస్తే తనిఖీ అధికారి చూసి నాకు మెమో ఇచ్చారు. నాకు రక్తం ఆపడం వచ్చు. అవ్వకి భయం ఆపడం వచ్చు. గదిలో ఇద్దరం ఉండాలి. ఆవిడ లోపలికి రావచ్చని ఒక్క కాగితం ఇప్పించండి, చాలు. ఇప్పటికి కాన్పులు రెండే.

ఇట్లు,
నర్సు

తా.క. కోటు బొత్తాలు రెండు ఊడి ఎగిరిపోయాయి. ఒకటి దొరికింది.

ఆగస్టు 2

నర్సు గారికి,

అంతా అర్థమైంది. ముందే ఇలా రాసి ఉంటే బాగుండేది. ఇది సామగ్రి కాదు, ఉద్యోగ నియామకం. అవ్వ గారు సిబ్బంది అయితే బోర్డు అడ్డు రాదు.

దరఖాస్తు ఫారాలు మూడు ప్రతులు పంపుతున్నాను. పుట్టిన తేదీ రాయాలి, వయసు ముప్ఫై అయిదు దాటకూడదు. ఎవరి కింద, ఎన్నాళ్ళు, ఏ పని చేశారో అనుభవ పత్రం జతపరచాలి. గతంలో క్రమశిక్షణ చర్యలేమైనా ఎదుర్కొన్నారా అన్న గడి ఖాళీగా వదలకూడదు. ఆవిడ సంతకం చేయలేకపోతే వేలిముద్ర చాలు, కానీ గడి లోపలే పడాలి.

ఫారాలు అందినట్టు రసీదు పంపగలరు.

ఇట్లు,
పెద్ద గుమాస్తా

తా.క. కొండగాలి మీ ఒంటికి పడినట్టుంది, సంతోషం. భోజనం కాస్త తగ్గించి చూడండి, కోటు దానంతటదే సరిపోతుంది.

సెప్టెంబరు 9

పెద్ద గుమాస్తా గారికి,

నమస్కారం. ఫారాలు నింపి పంపుతున్నాను. అవ్వ చెప్పింది చెప్పినట్టు రాశాను, నా సొంత మాట ఒక్కటీ లేదు.

పుట్టిన తేదీ: నది మీద వంతెన కట్టిన ఏడు ఆవిడకి రెండో కొడుకు పుట్టాడు. మిగతాది మీరే లెక్క వేసుకోవాలి. ఎవరి కింద పనిచేశారు: ఇంటికప్పు కింద. క్రమశిక్షణ చర్యలు: మా ఊరిపెద్ద గారి అమ్మ మీద ఒకసారి గట్టిగా అరిచింది. పెద్ద గారు అభ్యంతరం చెప్పలేదు, అప్పటికి ఆయన ఇంకా పుట్టలేదు.

అనుభవ పత్రం ఏడు పేజీలైంది. అవ్వ చేతుల్లో పుట్టినవాళ్ళు వచ్చి సంతకాలు పెట్టండని ఒక మాట చెప్పి పంపాను. పదిమంది వస్తే చాలనుకున్నాను. తెల్లవారేసరికి గేటు బయట వరస కట్టి నిలబడ్డారు. బస్సు డ్రైవరు బస్సాపి వచ్చాడు, ప్రయాణికుల్లో సగంమంది కూడా దిగి సంతకాలు పెట్టారు. మొత్తం మూడు వందల పన్నెండు. నేను వరసలో నిలబడి రెండు వందల నలభయ్యో సంతకం పెట్టాను. నా చదువు సర్టిఫికెట్టు తీసుకున్న రోజు కూడా నాకు ఇంత గర్వంగా అనిపించలేదు.

ఇంకో సంగతి. మీరు పంపిన చేతికర్ర పుణ్యమా అని కిటికీ తెరిచే ఉంటోంది. వరండాలో కిటికీ అవతల పీట వేసుకుని అవ్వ కూర్చుంటుంది. రూలు ప్రకారం ఆవిడ బయటే ఉంది, మాట మాత్రం లోపలికి వస్తోంది. మాటకి ప్రవేశం లేదని బోర్డు మీద లేదు. ఇది తెలిసి ఈ రెండు నెలల్లో నలుగురు వచ్చారు. మొత్తం ఆరయ్యాయి. కానీ వానలు ముదిరాయి, అవ్వ తడుస్తోంది. త్వరగా ఏదో ఒకటి చేయండి.

ఇట్లు,
నర్సు

తా.క. భోజనం తగ్గించమన్న మీ సలహా అవ్వకి చదివి వినిపించాను. రెట్టింపు చెయ్యమంది.

నవంబరు 25

నర్సు గారికి,

పై నుంచి దరఖాస్తు తిరిగొచ్చింది. వయసు ఎక్కువట. మీ ఏడు పేజీలు మా సెక్షనులో నలుగురం మధ్యాహ్నం భోజనం మాని చదివాం. ఒకాయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ తన ఊరి మంత్రసాని పేరు గుర్తు చేసుకున్నాడు. ఆ కాగితాన్ని ఊరికే తిప్పి పంపడానికి నాకు మనసొప్పలేదు.

రెండు నెలలు రూల్సు పుస్తకం తిరగేశాను. దారి దొరికింది. కాన్పుల గదికి అవసరమై, స్థానికంగా దొరికే ఉపకరణాన్ని నేనే నా సంతకంతో మంజూరు చేయవచ్చు. ఉపకరణం గది లోపల ఉండి తీరాలని రూలే ఉంది. కనుక స్టాకు రిజిస్టరులో ఇలా ఎక్కించాను: "వృద్ధురాలు, వేడిచేతుల రకం, ఒకటి. మన్నికైనది." నా సర్వీసులో ఇంతకన్నా మంచి ఎంట్రీ వేయలేదు.

ఇత్తడి నంబరు బిళ్ళ పంపుతున్నాను. ఆవిడకి కనపడేలా కట్టాలి. ఏటా తనిఖీ ఉంటుంది. పదేళ్ళు దాటితే పాత సామాను కింద కండెమ్ చేసి తీసేస్తాం, అది మామూలే, ఆవిడని కంగారుపడొద్దనండి. వృద్ధురాలు అందినట్టు రసీదు మాత్రం తప్పకుండా పంపగలరు.

ఇట్లు,
పెద్ద గుమాస్తా

తా.క. మీ ఉత్తరాలన్నీ వరసగా పెట్టుకుని మా ఆవిడ చదివింది. చదివి నా వంక చూసి చాలాసేపు నవ్వింది. అన్నిటికన్నా పెద్ద సైజు కోటు వెంటనే పంపమంది. ఎందుకో అడిగితే చెప్పలేదు. పంపుతున్నాను.

డిసెంబరు 29

గుమాస్తా నాయనా,

బాగున్నావా? చెబుతున్నది వేడిచేతులవ్వని. రాస్తున్నది మీ నర్సే. మంచం మీద దిండుకి ఆనుకుని రాస్తోంది, అక్షరాలు వంకరపోతే ఏమనుకోకు.

నీ బిళ్ళ అందింది. బిళ్ళ కట్టించుకుని లోపలికి వెళ్ళే మనిషిని కాను నేను. దాన్ని కిటికీ కర్రకి కట్టాను. కర్ర నీ సామానే, నీ లెక్క నీకు సరిపోతుంది. నేను వరండాలోనే కూర్చున్నాను. ఏడు, ఎనిమిది, తొమ్మిది, ముగ్గురూ కిటికీలోంచి నా మాట వింటూనే కన్నారు. తర్వాత ఎవరూ రాలేదు. అప్పటికి గడువు ఇంకో పది రోజులుంది. కొండ మొత్తం మీద నెలలు నిండిన మనిషి ఒక్కతే మిగిలింది. కోటు బొత్తాలు పట్టడం లేదని ఆరు నెలలుగా నీకు ఉత్తరాలు రాస్తున్నది ఆవిడే. నీకు తెలియలేదు. నీ భార్యకి తెలిసింది, ఆమెని అడిగానని చెప్పు.

మొన్న మధ్యాహ్నం బడి వదిలే వేళకి నొప్పులు మొదలయ్యాయి. తనే నడిచి తన గదిలోకి వెళ్ళింది, తనే కత్తెర మరిగించుకుంది, తనే మంచమెక్కింది. నేను కిటికీ దగ్గర పీట వేసుకున్నాను. అప్పుడు లోపలి నుంచి పిలిచింది.

"అవ్వా, లోపలికి రా."

"బోర్డుంది కదే."

"నిన్ను ఆపాల్సిన సిబ్బందిని నేనే. ఆపను. రా."

వెళ్ళాను. చేతులు పట్టుకోబోతే తొడుగులు లేకుండా ముట్టుకోవద్దంది. అంత నొప్పిలోనూ నా చేత రెండుసార్లు సబ్బుతో మోచేతుల దాకా కడిగించింది. నువ్వు పంపిన గడియారం చూస్తూ నొప్పి ఎంతసేపటికి వస్తోందో, ఎంతసేపు ఉంటోందో నాకు చెబుతూనే ఉంది. భయం వేసినప్పుడు మాత్రం గడియారం వదిలేసి నా మొహం చూసింది. అప్పుడు నా పని నేను చేశాను.

ఎంతమందిని పట్టుకున్నానో నా వేళ్ళకి తెలుసు. కంటూ కంటూనే నాకు పని నేర్పినదాన్ని మాత్రం ఈమెనొక్కదాన్నే చూశాను. నా చేతుల్లో పుట్టిన పిల్ల నాకు తెలియనివి ఎన్నో తెలుసుకుని తిరిగి మా కొండకే వచ్చింది. నాకు గర్వంగా ఉంది నాయనా. ఈ మాట రాయనని మొండికేసింది. సిగ్గుపడక రాయమన్నాను, రాస్తోంది.

ఆడపిల్ల. పదో కాన్పు. మర్నాడు డాక్టరు వచ్చి తల్లినీ పిల్లనీ చూసి ఇద్దరూ బాగున్నారన్నాడు. గది ఉంటుంది, కుర్చీలు ఇంకెక్కడైనా పెట్టుకోమను.

ఇప్పుడు నా ఇండెంటు రాసుకో. ఒకటి: నర్సు, ఒకటి (పడుచుది, మా భాష వచ్చినది, చేతులు కడుక్కునేది). ఈమె లేచి తిరిగేదాకా గదిలో నేనొక్కదాన్నే, నాకు రక్తం ఆపే సూదులు వేయడం రాదు. మా కొండ పిల్లలు ఇద్దరు పట్నంలో ఆ చదువే చదివి ముగించారు, వాళ్ళలో ఒకర్ని పంపు. రెండోది: తలుపుకి కొత్త బోర్డు. "నర్సు, మంత్రసాని ఉన్నారు, లోపలికి రండి" అని రాయించు. వయసు కుదరదనీ ఉపకరణమనీ మళ్ళీ మొదలుపెట్టకు. మీ పెద్దవాళ్ళు ఒప్పుకోకపోతే ఈసారి సంతకాలు కాగితం మీద పంపం. మనుషులమే బస్సెక్కి వస్తాం, డ్రైవరు మావాడే.

ఇట్లు,
వేడిచేతులవ్వ (వేలిముద్ర గడి లోపలే పడింది, చూసుకో)

తా.క. కోటు అందింది. ఇప్పుడు తల్లికి వదులు. పిల్లని చుట్టడానికి సరిగ్గా సరిపోయింది.

మరో తా.క. పదేళ్ళు దాటితే కండెమ్ చేస్తారట కదా. పదేళ్ళ తర్వాత నువ్వే రా. వరండాలో వెతకకు, లోపలుంటాను.

రసీదు: ఏడో నంబరు, వృద్ధురాలు, ఒకటి. మంచి స్థితిలో అందినది.
తీసుకున్నవారు: నర్సు.