ఆ రెండు కుర్చీలు

బుల్లెమ్మకు,

మీ అమ్మ ముద్దులతో రాసేది. దేవుడి దయవల్ల ఇక్కడ ఇద్దరం కులాసా. నువ్వూ, అల్లుడుగారూ, పిల్లలూ అలాగే ఉన్నారని నమ్ముతున్నాను.

నువ్వు అడిగినవి ముందు చెప్పేస్తాను, లేకపోతే మర్చిపోయానని దెప్పుతావు. బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. మోకాళ్లు మొరాయిస్తూనే ఉన్నాయి. ప్రార్థనకు మనుషులు బాగానే వస్తున్నారు. నాన్న ప్రసంగం సగం అర్థం కాకపోయినా తలలూపుతారు, ఆయనకొచ్చిన ఈ దేశపు భాష అంత గొప్పది మరి. ఈ వయసులో పరాయి దేశంలో సువార్త పనేమిటని నువ్వు పోరుపెడితే, ఎంత, రెండేళ్లేగా అన్నాను. వచ్చే నెలతో ఆ గడువు తీరిపోతుంది. టికెట్లు ఎప్పుడు తీస్తారని అడిగావు. అక్కడికే వస్తున్నాను. ఫోన్లో చెబుదామంటే ఆయన పక్కనే ఉంటారు.

మా గది కింద బట్టలు కుట్టే ఆవిడ ఉందని రాశానుగా. నీ ఈడుదే. అమ్మానాన్నలు ఒకరి వెనక ఒకరు పోయారు. దేవుడి మాట ఎత్తితే విసుక్కునేది గానీ, ఆదివారం భోజనానికి మాత్రం రమ్మంది. "మావాళ్ల కుర్చీలు ఖాళీగా చూడలేకపోతున్నానండీ. కూర్చుని తినండి, చాలు" అంది. ఒంటరి మనిషి, పోనీలే అని వెళ్లాం. ఓదార్చడం మా పనేగా.

చలిగా ఉందని ఒకసారి వాళ్ల నాన్న కోటు తెచ్చి ఈయనకు తొడిగింది. కొలిచి కుట్టినట్టు సరిపోయింది. పెళ్లినాటి సూటుకంటే నయంగా ఉందని నేను ఏడిపించాను కూడా. ఆ పై వారం వాళ్ల నాన్న కళ్లజోడు తెచ్చి ఈయనకు పెట్టింది. అదీ సరిపోయింది. అప్పుడు నాకు నవ్వు రాలేదు.

ఇప్పుడు మీ నాన్న చెంచా ఎడమచేత్తో పట్టుకుంటున్నారు. పోయినాయనదీ ఎడమచేతి వాటమేనట. మొన్నామధ్య ఆవిడ కత్తెర కనబడక వెతుక్కుంటుంటే, ఈయన తలెత్తకుండానే "మెట్లకింద అరలో చూడమ్మా" అన్నారు. ఆ మెట్లకిందకి మేం ఎన్నడూ వెళ్లలేదు. కత్తెర అక్కడే ఉంది. ఆవిడేమీ ఆశ్చర్యపోలేదు, "అవును నాన్నా" అని పనిలో పడింది. ఆ ఇంట్లో ఉన్నంతసేపూ ఈయన భాషలో తడబాటే లేదు.

ఇంటికొచ్చాక ప్రయాణం సంగతి ఎత్తాను.

"అమ్మాయిని ఒంటరిగా వదిలి ఎలా పోతామే?" అన్నారు.

"మన అమ్మాయి అక్కడ ఎదురుచూస్తోందండీ."

"ఏ అమ్మాయి?" అన్నారు. వేళాకోళం కాదు బుల్లెమ్మా. మీ నాన్న వేళాకోళం నాకు తెలియదా.

డాక్టరుకు చూపించమంటావు. చూపించాను. అడిగినవాటన్నిటికీ గడగడా జవాబు చెప్పారు. పిల్లలెంతమంది అంటే, ఒక్కతే, కుట్టు దుకాణం నడుపుతుంది అన్నారు. డాక్టరు రాసుకుని, మతిమరుపేమీ లేదు, నిశ్చింతగా ఉండండి అన్నాడు.

మరి నువ్వైనా ఆపొచ్చుగా అంటావు. ఇందాకటినుంచీ చెప్పలేక నానుస్తున్నది ఇదే. మొన్న ఆదివారం నేను ఆ వంటగదిలో గిన్నెలు తుడుస్తున్నాను. ముందుగదిలోంచి "అమ్మా" అని పిలుపు. "వస్తున్నానే" అన్నాను. నువ్వే అనుకున్నాను. నిజంగా నువ్వే అనుకుని, చెయ్యి తుడుచుకుంటూ సంతోషంగా వెళ్లాను. కుట్టుమిషను ముందు ఆవిడ కూర్చుని ఉంది. నేను వెనక్కి తిరగలేదు. వెళ్లి తల నిమిరాను.

గదికొచ్చాక నీ గొంతు ఎలా ఉంటుందో గుర్తు చేసుకుందామని కళ్లు మూసుకున్నాను. ఆవిడ గొంతే వినిపించింది. ఎంతసేపు కూర్చున్నా అదే. నాకు భయంగా ఉందే.

టికెట్లు మేం తీయలేం, నువ్వే రా. ఫోను చెయ్యకు, నేరుగా వచ్చి దుకాణం ముందు నిలబడి గట్టిగా పిలువు. నేను పలక్కపోతే మళ్లీ పిలువు. కోపగించుకుని వెళ్లిపోకు.

ఇట్లు,
ఇప్పటికింకా మీ అమ్మ