సీడీ ప్లేయరు మోటారు

ఏమండీ,

కూచిపూడి బస్సుకి టైమైంది. పాత సీడీ ప్లేయర్లోని మోటారు విప్పి మీ బొమ్మ రైలింజనుకి పెట్టుకోండి, ఒప్పుకున్నాను. కొత్తది కొనే ఖర్చు తప్పుతుంది. చక్రాలు మాత్రం నా కళ్ళజోడు గుడ్డతో తుడవకండి. పాత బనియను బాల్కనీలో ఉంది. కుట్టుమిషను నూనె ఒక్క చుక్క చాలు, పోయినసారిలా ముంచెత్తకండి.

నెలరోజులుగా వద్దన్నది ప్లేయరు మీద మమకారంతో కాదు. ఇంజను బాగైతే మీకిక నాతో పనుండదని భయం. అది మొరాయించినప్పుడే కదా, "త్రిపురా, కాస్త టార్చి పట్టుకో" అని పిలుస్తారు! కానీ నిన్న మీరు దాన్ని వేలితో తోస్తూ నోటితో కూత వేయడం విన్నాక మనసాగలేదు.

— త్రిపుర

రేపు సాయంత్రం వచ్చేస్తాను. ఈలోగా బిగించేసినా మొదటి రౌండు తిప్పకండి. పచ్చజెండా నేనే ఊపాలి. జాకెట్టు ముక్కొకటి చూసి పెట్టుకున్నాను.