మూడో చెయ్యి

బావా,

క్షేమం అడగను. రోజూ ఎగురుతున్నావు కాబట్టి బాగానే ఉండి ఉంటావు. నన్ను మాత్రం నేల మీద కూర్చోబెట్టారు. ఆకాశంలో చూసింది చూసినట్టు రాసిచ్చానుగా! గోడ మీది అక్షరాలన్నీ తప్పు లేకుండా చదివినా, "కళ్ళు అలిసిపోయాయి" అని రాశాడు డాక్టరు. పక్క విమానంలో ఉన్న నువ్వు, సాక్షాత్తూ నా చెల్లెలి మొగుడివి, విచారణలో "నాకేమీ కనబడలేదు సార్" అన్నావు మరి.

రెక్కల్లేని ఆ బూడిదరంగు గుండులాంటి దాన్ని ముందు చూసిందెవరు? "బావా, పైన చూడు, అదేంటది!" అని రేడియోలో అరిచింది నువ్వు కాదూ? టేపులో గరగర తప్ప ఏమీ లేదట, నీ అదృష్టం.

దిగాక, మన పైలట్లందరిలాగే అరచేతుల్ని విమానాలు చేసి చూపించబోయావు. నీ రెండు చేతులూ మన రెండు విమానాలకే సరిపోయాయి. అప్పుడు నా చెయ్యి లాక్కుని, పిడికిలి బిగించి, పైన పెట్టి, "ఇదిగో, ఇక్కడుంది" అన్నావు.

ప్రమోషన్ దగ్గరపడేసరికి నోరు పెగల్లేదా? కాస్తయినా సిగ్గుండాలి.

నిన్న చెల్లెలు ఫోన్ చేసి మీ అమ్మాయికిచ్చింది. విమానాల ఆటలో దాని చేతిని కూడా పిడికిలి చేసి, నీ అరచేతుల పైన పెట్టావట.

"మామయ్యా, అందులో నేను ఏ విమానం? అడిగితే నాన్న లేచి వెళ్ళిపోయాడు" అంది.

నేను చెప్పలేదు. నువ్వే చెప్పు.