వెనక్కి తిరిగి కూర్చున్నవాడి తరఫున

పనెవెజీస్ పట్టణం,
నవంబరు 21, 1950

గౌరవనీయులైన ప్రాసిక్యూటరు గారి సముఖమునకు,

అవిసె నార మిల్లు గ్రంథాలయంలో సహాయకురాలు ఎమిలియా గ్రిగైతే సమర్పించుకొను అర్జీ.

విషయం: యుద్ధ విమానంలో వెనక గన్నరుగా పనిచేసి, కీర్తి పతకములు రెండు, ధైర్య పతకము ఒకటి పొందిన తిమొఫేయ్ సావిచ్ ద్రోజ్దోవ్ నిర్బంధము, ఆయన అన్న ఒక మాట గురించి.

అయ్యా,

ఈ ఉదయం మా ఇంటి వీధి తలుపు దగ్గర, గంట పక్కనున్న అట్టముక్క మీద ద్రోజ్దోవ్ పేరు గీకేసి ఉన్నది. ఏ గదివారికి ఎన్నిసార్లు గంట కొట్టాలో ఆ అట్ట మీద రాసి ఉంటుంది. పేరు పోయింది. పక్కన "రెండుసార్లు" అన్నది మాత్రం మిగిలింది. ఎవరు గీకారని నేను అడగలేదు. మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ ఎవరినీ ఏమీ అడగడం లేదు. దీన్ని ఫిర్యాదుగా భావించవద్దు. ఇంతకాలం రాయలేనిది ఈ రోజు ఎందుకు రాస్తున్నానో తెలపడానికే మొదట పెట్టాను.

తమ దయతో కూడిన పరిశీలనకై ఈ కింది అంశములు మనవి చేసుకుంటున్నాను.

1. పైన తెలిపిన ద్రోజ్దోవ్ వ్యాత్కా ప్రాంతపు రైతు బిడ్డ. యుద్ధంలో నేలకు దగ్గరగా ఎగిరి దాడి చేసే విమానాల దళంలో పనిచేశారు. ఆ విమానంలో ఇద్దరే ఉంటారు. పైలట్ ముందు కూర్చుంటాడు, చుట్టూ ఉక్కు కవచం ఉంటుంది. గన్నరు ఆయన వీపుకు వీపు ఆనించినట్లుగా, తోకవైపు తిరిగి, ఒక గుడ్డ పట్టీ మీద కూర్చుంటాడు. కవచం అతని దాకా రాదు. పైలట్ వెనక్కి చూడడు. గన్నరు ముందుకు చూడడు. శత్రు విమానాలు వెనకనుంచే వస్తాయి కాబట్టి ఏర్పాటు అలా ఉంటుందట. ద్రోజ్దోవ్ విమానపు పైలట్ లెఫ్టినెంట్ యెర్మోలయెవ్ 1944లో లాత్వియా మీద, నేలమీది ఫిరంగి దెబ్బకు చనిపోయారు. నేలకూలి మండుతున్న విమానం నుంచి ఆయన శరీరాన్ని ద్రోజ్దోవే బయటికి లాగారు. రెండో కీర్తి పతకం అప్పటిది. ఈ సంగతి ఆయన నాతో ఒక్కసారే చెప్పారు. "ఆయన వీపు మీద ఒక్క గీత లేదు ఎమిలియా. ముందునుంచి వచ్చింది. ముందు వైపు కాపలా నాది కాదు."

2. యుద్ధం తర్వాత ఆయన మా మిల్లులో యంత్రాల తోలు బెల్టులు కుట్టే పనిలో చేరారు. పని గురించి ఏనాడూ ఫిర్యాదు లేదు. అయితే కూర్చునే అలవాటు మాత్రం మారలేదు. బస్సులో వెనక అద్దంవైపు తిరిగి కూర్చుంటారు. దారిలో ఎవరితో నడిచినా ఒక అడుగు వెనక ఉంటారు. మా ఉమ్మడి వంటింట్లో స్తసే పిన్ని (నడవ చివరి గదిలో ఉండే వితంతువు) పొయ్యి ముందు నిలబడితే, ఆయన ఆమెకు వీపు పెట్టి తలుపు వైపు చూస్తూ బంగాళాదుంపలు తొక్క తీసేవారు.

"నా వెనక నీ కాపలా ఏంటి నాయనా? నేనేమన్నా విమానాన్నా?"

"మీరు విమానం కంటే ఎక్కువ పొగ వదులుతున్నారు పిన్నీ."

"పొగ నాది కాదు, నువ్వు తెచ్చిన పచ్చి కట్టెలది. ఆ తొక్క పల్చగా తియ్యి, దుంపంతా దానికే పోతోంది!"

ఇలాంటివి తమ కాలం వృథా చేయడానికి రాయడం లేదు. ఇది అలవాటు. ఎవరి ఉద్దేశంతోనూ సంబంధం లేని అలవాటు. ఇందుకు ఇంటివారందరూ సాక్షులు. అడిగితే చెబుతారో లేదో నేను హామీ ఇవ్వలేను.

3. నవంబరు ఏడవ తేదీ ఊరేగింపులో మా మిల్లు తరఫున ఒక లారీ నడిచింది. దాని మీద మహానాయకుని చిత్రపటం ముందుకు చూసేలా నిలబెట్టారు. పతకాలున్నవాడు కాబట్టి ద్రోజ్దోవ్‌ను పటం పక్కన కూర్చోమన్నారు. ఆయన పటం వీపు వైపుకి వెళ్ళి (పటానికి వీపు అని రాయడం తప్పయితే మన్నించాలి, అక్కడ చెక్క, మేకులు తప్ప ఏమీ లేవు. అలా రాయడం ఇంకా తప్పయితే అది కూడా మన్నించాలి) వెనక్కి తిరిగి కూర్చున్నారు. నేను కాగితం పూల కొమ్మ పట్టుకుని లారీ వెనకే నడుస్తున్నాను. అక్కడ జరిగిన సంభాషణ విన్నది విన్నట్లు ఇక్కడ రాస్తున్నాను.

మిల్లు సాంస్కృతిక కార్యదర్శి బెల్యాకొవ్ గారు: "ఏమయ్యా ద్రోజ్దోవ్, ఇటు తిరుగు! ఫొటోలో నీ పతకాలు పడాలి, నీ బట్టతల కాదు."

ద్రోజ్దోవ్: "ముందు చూడ్డానికి డ్రైవరున్నాడు కదండీ. నా సీటు ఇదే."

నూలు విభాగం అమ్మాయి ఒకతె (పేరు రాయను): "అన్నా, ఇంతకీ ఎవరి వీపు కాస్తున్నావు?"

ద్రోజ్దోవ్ పటం వైపు బొటనవేలు చూపి: "ఈయనదే. ముందున్నాయన వెనక్కి చూడడు. దెబ్బ ఎప్పుడూ వెనకనుంచే పడుతుంది. అందుకే నేనిక్కడ."

అందరూ నవ్వారు. బెల్యాకొవ్ గారు కూడా నవ్వారు. ఆ నవ్వు నేను చూశాను.

4. రెండు రోజుల తర్వాత ద్రోజ్దోవ్‌ను పని బల్ల దగ్గరనుంచి, చేతిలో కుట్టుసూది ఉండగానే తీసుకెళ్ళారు. ఆ వారం మిల్లు గోడపత్రికలో ఇలా వచ్చింది: "ద్రోజ్దోవ్ నాయకునికి వీపు చూపి, నాయకునికి వెనకనుంచి దెబ్బ పడుతుందని బహిరంగంగా ప్రకటించాడు." అయ్యా, మాటలు దాదాపు ఆయనవే. కాని "అందుకే నేనిక్కడ" అన్నది అందులో లేదు. ఒక గన్నరు తన ప్రాణంకంటే ఎక్కువగా చూసుకున్న పైలట్ గురించి చెప్పగలిగే మాట అది. ఎవరినైనా నమ్ముతున్నానని చెప్పడానికి ఆయనకు వేరే మాట తెలియదు. ఆ మాటకు హత్యాప్రయత్నమని పేరు పెడితే, ఆ దళంలో వెనక కూర్చున్న గన్నర్లందరూ నేరస్తులే అవుతారు.

ఈ చివరి వాక్యం కొట్టేద్దామనుకున్నాను. తిరగరాయడానికి మంచి కాగితం లేదు.

5. నేను పన్నెండేళ్ళ వరకు సన్యాసినుల బడిలో చదివాను. ఉద్యోగంలో చేరినప్పుడు ఇచ్చిన వివరాల్లో ఈ సంగతి రాశాను. ఎవరైనా విడిగా తమ దృష్టికి తెస్తారేమోనని నేనే చెప్పుకుంటున్నాను. ఆ బడిలో మాకు అందమైన దస్తూరీ, అడిగితే తప్ప మాట్లాడకపోవడం నేర్పారు. రెండోదాన్ని ఇప్పుడు పాటించలేకపోతున్నాను. ఆ మాట విన్నవారు ఇంకా నలుగురైదుగురు ఉన్నారు. అడిగితే బ్యాండు మోతలో ఏమీ వినిపించలేదంటున్నారు. వారిని తప్పుపట్టను. నాకు కూడా చాలా భయంగా ఉంది. నడవలో బూట్ల చప్పుడైతే దీపం ఆర్పేస్తున్నాను. కాని నాకు వినిపించింది.

6. ద్రోజ్దోవ్‌కు ఎడమ చెవి వినిపించదు. తుపాకీ ఆ వైపున ఉండేదట. ప్రశ్నించేవారు ఎడమవైపు నిలబడితే ఆయన పలకరు. అది మొండితనం కాదు. కుడివైపునుంచి అడగమని ఆదేశించండి. ఇంకేది మరిచినా ఇది మరవవద్దని ప్రార్థన.

7. గత శుక్రవారం జైలు కిటికీ దగ్గరకు మూట తీసుకెళ్ళాను. ఎండబెట్టిన రొట్టె ముక్కలు, ఉప్పు పట్టించిన పంది కొవ్వు, ఉన్ని మేజోళ్ళు. వరసలో నా ముందున్నావిడ వెనక్కి తిరిగి చూసింది.

"మొదటిసారా అమ్మాయ్?"

"అవునండి."

"ఇక్కడ అండీ గిండీ అంటే తొక్కేసి పోతారు. మోచేతులు బయటపెట్టు. మూట ముడి వదులు చెయ్యి, లేకపోతే కిటికీలో వాడు కత్తితో కోస్తాడు, గుడ్డ పోతుంది."

కిటికీలోని మనిషి ప్రతివారినీ గట్టిగా అడుగుతున్నాడు. "ఏమవుతాడు?" నా వంతు వచ్చింది. "పక్క గది" అన్నాను.

"పక్క గదివాళ్ళవి తీసుకోం. తర్వాతెవరు!"

మూట ఇంటికి తెచ్చుకున్నాను. రొట్టె ఇంకా పాడవలేదు.

కాబట్టి తమరు దయతో (అ) ద్రోజ్దోవ్ మాటను పూర్తిగా, చివరి రెండు ముక్కలతో సహా నమోదు చేయించి, (ఆ) నన్ను సాక్షిగా పిలిపించి, (ఇ) నిర్దోషిగా తేలితే విడుదల చేయించవలసిందిగా వేడుకుంటున్నాను. ఇది గుమాస్తా చేతికి పోనీయక, తామే చదివి చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
ఎమిలియా గ్రిగైతే

మరొక మనవి: సంతకం చేశాక గుర్తించాను, సాక్షిగా పిలిచేటప్పుడు పేరు తప్పు ఉండకూడదు. అలవాటు కొద్దీ పాత పేరు పెట్టాను. ఈ నెల నాలుగవ తేదీ శనివారం, పట్టణ నమోదు కార్యాలయంలో నేనూ తిమొఫేయ్ సావిచ్ పెళ్ళి చేసుకున్నాము. ఇంట్లో ఎవరికీ ఇంకా చెప్పలేదు, జైలు కిటికీ దగ్గర కూడా నోరు రాలేదు. నా పేరు ఎమిలియా ద్రోజ్దోవా.